ఎంబ్రియాలజిస్టు అవ్వాలంటే ఏది మేలు: రెండేళ్ల ఎమ్మెస్సీయా, ఏడాది ట్రైనింగా, విదేశీ డిగ్రీయా?

జూన్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. డిగ్రీ రిజల్ట్స్ చూసుకున్న పిల్లలు కొందరు, వాళ్ల నాన్నలు కొందరు. "అక్కా, క్లినికల్ ఎంబ్రియాలజీ ఎమ్మెస్సీలో చేరనా, మామూలు బయోటెక్నాలజీ చేసి ఐవీఎఫ్ సెంటర్లో ట్రైనింగ్ తీసుకోనా?" అని పిల్లలు. "అమ్మా, ఉన్న ఎకరం అమ్మి లండన్ పంపిస్తే గిట్టుబాటేనా?" అని నాన్నలు. పోయిన నెల ఒక్క వారంలోనే నలుగురు అడిగారు. నలుగురికీ నాలుగు ముక్కలు చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, ప్రతిసారీ అసలు సంగతి చెప్పకుండా వదిలేసినట్టే అనిపించింది.

ఐవీఎఫ్ అంటే అండాన్నీ వీర్యకణాన్నీ ఒంటి బయట ల్యాబులో కలపడం, ఇక్సీ అంటే ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపడం. ఇవి మీకు తెలుసనుకునే రాస్తున్నాను. ఇంట్లోవాళ్లు అడిగితే మాత్రం ఇలా చెప్పండి: డాక్టరు అండాలు తీసి ఇచ్చిన దగ్గర్నుంచి, పిండాన్ని మళ్లీ డాక్టరు చేతికి అందించేదాకా మధ్యలో జరిగేదంతా మన ఎంబ్రియాలజిస్టుల పని. పేషెంట్లలో చాలామందికి మన మొహం కూడా తెలియదు. హోర్డింగు మీద బొమ్మ డాక్టరుగారిదే ఉంటుంది. దానికి బాధపడేవాళ్లు ఈ దారికి రావద్దు. 1978లో మొట్టమొదటి ఐవీఎఫ్ బిడ్డ లూయీ బ్రౌన్ పుట్టినప్పుడు శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్, డాక్టరు స్టెప్టోల పేర్లు లోకమంతా మోగాయి. మైక్రోస్కోపులో ఆ పిండం విడిపోవడాన్ని కనిపెట్టుకుని కూర్చున్న, వాళ్ల ల్యాబులోని జీన్ పర్డీ పేరు చాలామంది వినలేదు. ఆవిడ పేరు చేర్చిన ఫలకం పెట్టడానికి 2015 దాకా పట్టింది.

ఇక అసలు విషయం. నేను వచ్చింది ట్రైనింగ్ దారిలో. నాగార్జున యూనివర్సిటీలో జువాలజీ ఎమ్మెస్సీ, ఆ తర్వాత హైదరాబాదులో ఒక సెంటర్లో ఏడాది. కాబట్టి నేను ఆ దారినే మెచ్చుకుంటానని అనుకోవచ్చు. మెచ్చుకోను. ఎందుకో చెప్పే ముందు చట్టం సంగతి ఒకసారి చూడాలి, ఎందుకంటే మా కాలానికీ మీ కాలానికీ తేడా అక్కడే వచ్చింది.

మేము చేరినప్పుడు ఎవరు ఎంబ్రియాలజిస్టో, ఎవరు కాదో చెప్పే చట్టం లేదు. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టినవాళ్లంతా ఎంబ్రియాలజిస్టులే. 2021లో ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలని నియంత్రించే ఏఆర్‌టీ చట్టం వచ్చింది, 2022 జూన్‌లో దాని నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం క్లినికల్ ఎంబ్రియాలజీలో కనీసం నాలుగు సెమిస్టర్ల ఫుల్‌టైమ్ పీజీ చేసినవాళ్లకి ఆపైన మూడేళ్ల ల్యాబ్ అనుభవం కావాలి. లైఫ్ సైన్సెస్ లేదా బయోటెక్నాలజీ పీజీ అయితే ఏడాది ఫుల్‌టైమ్ సర్టిఫైడ్ ట్రైనింగ్, దానిపైన నాలుగేళ్ల అనుభవం, అదీ రిజిస్టరైన లెవెల్ 2 క్లినిక్‌లో, అంటే ఐవీఎఫ్ చేసే స్థాయి క్లినిక్‌లో. వేళ్ల మీద లెక్కేసుకోండి. మొదటి దారిలో రెండు, మూడు కలిపి అయిదేళ్లు. రెండో దారిలో రెండు, ఒకటి, నాలుగు కలిపి ఏడేళ్లు. ఇరవై ఒక్క ఏళ్ల పిల్లకి రెండేళ్లు చిన్న తేడా కాదు, ఇంట్లో పెళ్లి మాట మొదలయ్యే వయసు కూడా అదే.

ఈ లెక్క ఒక్కటే అయితే వ్యాసం ఇక్కడితో అయిపోయేది. కానీ నా దృష్టిలో తూకం వేయాల్సింది వేరే ఉంది. చెయ్యి తిరగడం.

ఇక్సీ ఎలా ఉంటుందో వీడియోల్లో చూసే ఉంటారు. అండం మిల్లీమీటరులో పదో వంతు కన్నా కాస్త పెద్దది. ఎడమవైపు పిపెట్‌తో దాన్ని పట్టుకుని, పోలార్ బాడీ (అండం అంచున కనిపించే చిన్న కణం) గడియారంలో పన్నెండు మీదో ఆరు మీదో ఉండేలా తిప్పుకుని, తోక కదలకుండా చేసిన వీర్యకణాన్ని మూడు వైపు నుంచి సూదితో లోపలికి పంపాలి. చెప్పడానికి ఇంతే. కష్టమంతా ఆ పొర దగ్గరుంటుంది. ఎండాకాలంలో ముంజెల్లో వేలు గుచ్చి తిన్నవాళ్లకి తెలుస్తుంది: లేతకాయైతే తాకీ తాకకముందే పగిలి నీళ్లు చిందుతాయి, ముదిరిందైతే వేలు లోపలికి పోతున్నట్టే ఉంటుంది గానీ తెగదు. అండాలూ అంతే. పొర తెగిందా, సాగిందా అని సూదిలో జరిగే చిన్న కదలికను బట్టి పోల్చుకోవాలి. తెగకుండానే వదిలితే వీర్యకణం బయటే ఉండిపోతుంది, ఎక్కువ లాగితే అండం చచ్చిపోతుంది. ఇది ఏ పుస్తకమూ నేర్పదు. వందల అండాలు చేతిలోంచి పోవాలి, పక్కన ఒకరు కూర్చుని "ఆగు, ఇప్పుడు" అనాలి.

దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. ఐవీఎఫ్ ల్యాబుల పనితీరు మీద నిపుణులు రాసుకున్న, 2017లో వెలువడిన వియన్నా ఏకాభిప్రాయ పత్రం ప్రకారం ఇక్సీ చేసిన అండాల్లో కనీసం 65 శాతం సరిగ్గా ఫలదీకరణ చెందాలి, మంచి ల్యాబు 80 శాతం అందుకోవాలి. పాడైపోయే అండాలు 10 శాతం దాటకూడదు, గురి 5 శాతం. మర్నాడు పొద్దున్న, ఇక్సీ అయిన 16 నుంచి 18 గంటల మధ్య డిష్ తీసి చూసినప్పుడు, నీ చేతి సంగతి నీకు తెలిసిపోతుంది. నీ సర్టిఫికెట్ ఎక్కడిదో ఆ డిష్‌కి తెలియదు.

మరి ఏ దారిలో చెయ్యి తొందరగా తిరుగుతుంది? మామూలుగా చెప్పే జవాబు "ట్రైనింగ్‌లో" అని. రోజూ కేసులుండే సెంటర్లో ఏడాదంతా ఉంటావు కదా అని. నేనూ అదే నమ్మి డబ్బు కట్టాను. మేం పదకొండు మందిమి చేరాం. మొదటి ఎనిమిది నెలలు కన్సెంట్ ఫారాలు సర్దడం, నైట్రోజన్ ట్యాంకుల్లో స్కేలు ముంచి మట్టం చూడటం, వీర్యం శాంపిళ్లు లెక్కపెట్టడం. ఆ చివరిది నిజంగా పనికొచ్చింది, కాదనను. మొదటి అండం నా చేతికి తొమ్మిదో నెలలో వచ్చింది, అది కూడా పక్వానికి రాక పక్కన పెట్టేసినది. చివర్న ఇచ్చిన సర్టిఫికెట్‌లో మాత్రం డినూడేషన్ (అండం చుట్టూ ఉన్న కణాలు తీసేయడం) దగ్గర్నుంచి విట్రిఫికేషన్ (క్షణాల్లో ఫ్రీజ్ చేయడం) దాకా అన్నీ నేను చేసినట్టే రాశారు. దాన్ని చూపించి ఉద్యోగంలో చేరిన రోజున నా చేతులు వణకడం నాకింకా గుర్తుంది. నిజంగా పని నేర్చుకుంది ఆ తర్వాత రాజమండ్రిలో, ఓ చిన్న సెంటర్లో, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్న సీనియర్ మేడమ్ దగ్గర.

తప్పు వాళ్లదే అని కూడా అనలేను. ఒక ఆవిడకి వచ్చేవే ఎనిమిదో పదో అండాలు. వాటికోసం పదిపన్నెండు రోజులు ఇంజెక్షన్లు పొడిపించుకుని, అప్పుచేసి వచ్చి ఉంటుంది. నేర్చుకునేవాళ్ల చేతిలో ఎవరు పెడతారు? అందుకే ఎక్కడైనా మొదట డిష్‌లు తయారుచేయడం, తర్వాత శాంపిల్ వాష్, డినూడేషన్, ఫ్రీజింగ్, చిట్టచివర ఇక్సీ, బయాప్సీ (పరీక్ష కోసం పిండం నుంచి కొన్ని కణాలు తీయడం). ఈ వరుసలో నీ వంతు ఎప్పుడొస్తుందన్నది రెండు అంకెల మీదే ఆధారపడి ఉంటుంది: ఆ ల్యాబులో నెలకి ఎన్ని పికప్‌లు (అండాలు బయటికి తీసే కేసులు), ముందు క్యూలో ఎంతమంది ట్రైనీలు. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వచ్చిన అంకే మీ కోర్సు విలువ.

ఎమ్మెస్సీకీ ఇదే కొలత. మణిపాల్ లాంటి చోట క్లాసు, ఆసుపత్రి, ఐవీఎఫ్ ల్యాబు ఒకే సంస్థలో ఉంటాయి. పాఠంలో విన్నది ఆ వారంలోనే కళ్లారా చూస్తారు. ఇంకో రకం కాలేజీలున్నాయి. కోర్సుకి గిరాకీ ఉందని పేరు పెట్టేసి, ఇక్సీ చేసే మైక్రోమానిప్యులేటర్ ఫొటో ప్రాస్పెక్టస్‌లో వేసి, ఆఖరి సెమిస్టర్‌లో మిమ్మల్ని ఎక్కడో ఒక సెంటర్‌కి "ఇంటర్న్‌షిప్"కి తోసేస్తారు. అది రెండేళ్ల ఫీజు కట్టి మళ్లీ నేను చేసిన ట్రైనింగే చేయడం.

సొంత ల్యాబున్న ఎమ్మెస్సీ వైపు నేను మొగ్గడానికి ఇంకో కారణం ఉంది. ఒక ఎండాకాలం మా దగ్గర బ్లాస్టోసిస్టులు, అంటే అయిదో రోజు దాకా ఎదిగిన పిండాలు, ఉన్నట్టుండి తగ్గిపోయాయి. ఫలదీకరణ బాగానే ఉంది, మూడో రోజు దాకా బాగానే ఉంది, అయిదో రోజుకి చేతిలో ఏమీ మిగలడం లేదు. మూడు వారాలు మీడియాని (పిండాలు పెరిగే ద్రావణాన్ని) తిట్టాం, ఆయిల్ మార్చాం, ఎవరో దిష్టి తగిలిందని కూడా అన్నారు. అప్పుడే ఎమ్మెస్సీ చేసి చేరిన అమ్మాయి ఒకతి "మేడమ్, ఇంక్యుబేటర్ తెర మీద కార్బన్ డయాక్సైడ్ 6 శాతం చూపిస్తోంది సరే, మీడియా పీహెచ్ ఎప్పుడు కొలిచారు?" అంది. 7.2, 7.4 మధ్య ఉండాల్సింది జారిపోయి ఉంది. సెన్సార్ తప్పు చూపిస్తోంది. నాకు అప్పటికి ఎనిమిదేళ్ల అనుభవం, ఆ పిల్లకి ఎనిమిది వారాలు. చెయ్యి తిరిగితే రోజు గడుస్తుంది, ల్యాబు చెడినప్పుడు మాత్రం చదువు కావాలి. మేం ట్రైనింగ్ దారిలో వచ్చినవాళ్లం అది తర్వాత ఒక్కొక్క దెబ్బా తిని నేర్చుకున్నాం.

అలాగని ట్రైనింగ్ దారి మూసేయమనను. మీరు ఇప్పటికే బయోటెక్నాలజీ పీజీ చేసేసి ఉంటే, మళ్లీ మొదట్నుంచి రెండేళ్లు చదవడం కన్నా, ఇద్దరు ముగ్గురు ట్రైనీలకి మించి తీసుకోని, బాగా కేసులుండే లెవెల్ 2 క్లినిక్ వెతుక్కోవడం మేలు. అనుభవం లెటర్ల మీద క్లినిక్ రిజిస్ట్రేషన్ నంబరు వేయించుకోండి. నెలనెలా మీరు చేసినవి లాగ్‌బుక్‌లో రాసి సీనియర్ సంతకం పెట్టించుకోండి. తర్వాత అడిగితే సీనియర్ ఇంకో ఊరికి మారిపోయి ఉంటారు. కోస్తా ఊళ్లలో చాలా సెంటర్లు పేషెంట్లందరినీ ఒకే రోజులకి బ్యాచ్‌గా పెట్టి, ఆ నాలుగు రోజులకి ఎంబ్రియాలజిస్టుని పిలిపించుకుంటాయి. అక్కడ ట్రైనీగా చేరితే నెలలో మిగతా రోజులు ఖాళీ ఇంక్యుబేటర్‌తో కూర్చోవాలి.

విదేశం మాట. ఆక్స్‌ఫర్డ్, లీడ్స్, మెల్‌బోర్న్‌లోని మోనాష్, ఇవన్నీ మంచి పేరున్న చోట్లే. కానీ ఆక్స్‌ఫర్డ్‌లో, మోనాష్‌లో ఆ డిగ్రీ ఏడాదిది. స్టూడెంట్ల చేతికి మనిషి అండాలు అక్కడా ఊరికే ఇవ్వరు, సాధన ఎక్కువగా జంతువుల కణాల మీదే. బ్రిటన్‌లో క్లినికల్ సైంటిస్టు అవ్వాలంటే మాస్టర్స్ తర్వాత కూడా దారి ఉంటుంది. అక్కడి సర్కారీ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో మూడేళ్ల సైంటిస్ట్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ సీట్లు కొన్నే, పోటీ బోలెడు. అక్కడ కుదరక తిరిగొస్తే మన నిబంధనల్లో "కనీసం నాలుగు సెమిస్టర్లు" అన్న మాట ఎదురుగా నిలబడుతుంది. ఏడాది డిగ్రీ ఆ మాట దగ్గర ఇరుక్కుంటుంది. ఎకరం అమ్ముతానన్న పెద్దాయనకి ఇదే చెప్పాను. వెళ్లద్దని కాదు, వరస మార్చమన్నాను. ఇక్కడ మూడేళ్లు చెయ్యి తిప్పుకుని, ఎంబ్రియాలజీ రంగంలోని ఐరోపా సంఘం ఈష్రే పెట్టే సర్టిఫికేషన్ పరీక్ష రాసి, అప్పుడు వెళ్లాలి. అప్పుడు వెళ్లేది విద్యార్థిగా కాదు, పనివాళ్లుగా.

ఈ రంగానికి చెందిన అంశం మీద పీహెచ్‌డీ చేస్తే మన నిబంధనల్లో ఏడాది అనుభవం చాలు, అమెరికాలో ల్యాబ్ డైరెక్టర్ హోదాకి కూడా డాక్టరేట్ అడుగుతారు. పరిశోధన మీద ప్రేముంటే చేయండి, అనుభవం తగ్గించుకోవడానికి చేయొద్దు. ఎంబీబీఎస్, బీవీఎస్సీ చేసినవాళ్లకి కూడా దారి ఉంది, కానీ వాళ్లు నన్నెప్పుడూ అడగలేదు. ఇక పదిహేను రోజుల "హ్యాండ్స్ ఆన్" కోర్సులంటారా, అప్పటికే పని చేస్తున్నవాళ్లకి బయాప్సీ లాంటివి సానపెట్టుకోవడానికి పనికొస్తాయి. కొత్తవాళ్లకి ఫొటో, సర్టిఫికెట్, భోజనం.

నాలుగో ఫోన్ నరసరావుపేట అమ్మాయిది. రెండు చోట్లకి స్వయంగా వెళ్లి ఆ రెండు అంకెలూ అడగమన్నాను. ఒక చోట ల్యాబ్ ఇన్‌ఛార్జే వచ్చి రిజిస్టరు చూసి చెప్పారట. రెండో చోట "సార్ మీటింగ్‌లో ఉన్నారు, ఫీజు వివరాలు చెప్పమంటారా?" అన్నారట. మొదటి చోట సీటు వచ్చిందని మొన్న ఫోన్ చేసింది. ఇంకో ప్రశ్న మిగిలిందంది. "అక్కా, ల్యాబ్‌లోకి మల్లెపూలు పెట్టుకోనివ్వరట, నిజమేనా?" నిజమే అన్నాను. గాల్లో కలిసే వాసన పదార్థాలు పిండాలకి పడవు. సెంటు, పౌడరు, మల్లెలు, పండగ రోజు బట్టల్లో ఉండిపోయే సాంబ్రాణి వాసన, ఏదీ కుదరదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆదివారాలు పెట్టుకోవచ్చా?" అంది. అండాలని పక్వానికి తెచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ వేసిన సుమారు 36 గంటలకి పికప్ పడుతుందనీ, దానికి ఆదివారమని తెలియదనీ చెప్పాల్సి వచ్చింది.