మలేరియాకి ఆర్టెమీసియా పొడి కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

మా తమ్ముడికి మలేరియా అని రక్తపరీక్షలో తేలింది. డాక్టర్ రాసిన మాత్రలు పడవేమోనని వాడు భయపడితే, నేనే ఆన్‌లైన్‌లో ఆర్టెమీసియా ఆకు పొడి తెప్పించాను. తప్పు నాదే. ఇంకెవరూ ఆ తప్పు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో 'నోబెల్ పొందిన మూలిక' అని ఉంది. నోబెల్ వచ్చింది ఆకుకి కాదు. చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం 1972లో ఆ మొక్క నుంచి ఆర్టెమిసినిన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. 2015లో ఆమెకి బహుమతి వచ్చింది అందుకు. వేడికి మందు గుణం పోతోందని గుర్తించి, తక్కువ వేడి దగ్గర ఈథర్ అనే ద్రావకంతో తీశాకే ఆమెకి ఫలితం దక్కింది. నేను కొన్న ప్యాకెట్ వెనక మాత్రం 'పది నిమిషాలు మరిగించి తాగండి' అని రాసుంది. ఆర్టెమిసినిన్ ఎంత ఉందో ఎక్కడా లేదు. అమ్మినవాళ్లని అడిగితే, 'సహజమైనదే కదా, కొలతలెందుకు' అన్నారు.

మూడు పూటలా తాగాడు. మర్నాటికి చెమట పట్టి ఒళ్లు చల్లబడింది. హమ్మయ్య అనుకున్నాం. ఆ మర్నాడు మధ్యాహ్నం మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకునేంత వణుకు. మలేరియా జ్వరం తీరే అంత, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. తగ్గిన రోజున ఏం తాగి ఉంటే దానికే పేరొస్తుంది. ఆ పొడిని మెచ్చుకున్న రివ్యూల్లో చాలావరకు అలాంటి రోజున రాసినవేనని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

మళ్లీ పరీక్ష చేస్తే రక్తంలో క్రిములు అలాగే ఉన్నాయి. అదీ ఫాల్సిపేరం రకం, ఆలస్యమైతే మెదడుకి ఎక్కేది. ఆస్పత్రిలో చేర్చాం, కోలుకున్నాడు. ఆ రెండు రాత్రులూ నేను పడ్డ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

చెట్టు మందులంటే నాకు కోపం లేదు. 1820లో సింకోనా చెట్టు బెరడు నుంచి తీసిన క్వినైన్ అనే మలేరియా మందు ఎన్ని ప్రాణాలు కాపాడిందో! కానీ ఆకులో మందు పాళ్లు మొక్కమొక్కకీ మారతాయి. ఆర్టెమిసినిన్ నీళ్లలో సరిగా కరగదు, ఒంట్లో కొన్ని గంటలే ఉంటుంది. అందుకే దాన్నుంచి తయారుచేసిన ఆర్టెమెథర్‌తో పాటు, ఒంట్లో ఎక్కువ రోజులు నిలిచే ల్యూమెఫాంట్రిన్ అనే మందు కూడా కలిపి, మూడు రోజులు లెక్క ప్రకారం ఇస్తారు. అరకొరగా పడితే క్రిములు చావవు సరికదా, మందుకే లొంగకుండా మొండికేస్తాయి. ఈ ఆకు టీని, పొడిని మలేరియాకి వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేయడం లేదు.

ఈ పొడి తాగి జ్వరం తగ్గిందనుకుంటున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే, రేపటిదాకా ఆగకండి. ఈరోజే మళ్లీ రక్తపరీక్ష చేయించండి.