మార్ఖా లోయలో ఇంటి భోజనం, నిమాలింగ్‌లో ఏజెన్సీ గుడారం

లద్దాఖ్‌లోని మార్ఖా లోయకు కాలినడకన వెళ్లదలచిన తెలుగువారు బసల కోసం లేహ్ బజారులోని ఏ ట్రెక్కింగ్ ఏజెన్సీకీ ముందుగా డబ్బు కట్టనక్కరలేదని చెప్పడానికే ఈ అనుభవం రాస్తున్నాను. ఆ లోయ పల్లెల్లో మాకు దొరికినంత ఆదరణ, కడుపు నిండిన తిండి, వెచ్చని పక్క మేము డబ్బు పోసి దిగిన హోటళ్లలో ఎన్నడూ దొరకలేదు. అదే లోయ పైకొసన నిమాలింగ్ మైదానంలో మాత్రం, సొమ్ము ముందే కట్టి, రసీదు చేతిలో ఉంచుకొని కూడా, జబ్బుపడిన మనిషితో ఎముకలు కొరికే చలిలో నిలబడవలసి వచ్చింది. ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలుసుకొని వెళితే డబ్బుతోపాటు ఆరోగ్యమూ దక్కుతుంది.

వెళ్లినది నేను, మా అక్క, బావగారు. ఆగస్టు చివరి వారంలో హైదరాబాదు నుంచి ఢిల్లీ మీదుగా లేహ్‌కు విమానం టికెట్టు మనిషికి 14,200 రూపాయలు పడింది. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది కనుక, దిగీ దిగగానే కొండలెక్కే పని పెట్టుకోకుండా అక్కడి చాంగ్‌స్పా పేటలో 1,600 రూపాయల గదిలో విశ్రాంతి తీసుకున్నాము. ఆ బస శుభ్రంగా ఉంది, చెప్పుకోదగిన ఫిర్యాదు ఏమీ లేదు. మా ప్రీపెయిడ్ సిమ్ కార్డులు అక్కడ పనిచేయలేదు. బావగారి పోస్ట్‌పెయిడ్ నంబరు ఒక్కటే ఆదుకున్నది.

గైడుకు రోజుకు 2,500, రెండు గుర్రాలకు, వాటిని నడిపే మనిషికి కలిపి రోజుకు 3,600 చొప్పున లేహ్ బజారులో మేము మాట్లాడుకున్న ఏజెన్సీ అడిగింది. ఆ ఇద్దరూ చేసిన పనికి అది న్యాయమైన ధరే. అన్యాయం బసల దగ్గర జరిగింది. ‘ఇది సీజను, ఇళ్లన్నీ నిండిపోతాయి, మా ద్వారా బుక్ చేసుకోకపోతే పల్లెలో గడప కూడా తొక్కనివ్వరు’ అని చెప్పి, ఒక్కో రాత్రికి మనిషికి 2,300 రూపాయల చొప్పున హోమ్‌స్టేల (పల్లె ఇళ్లలో బసల) సొమ్మంతా ముందే రాబట్టుకున్నారు. నిమాలింగ్‌లో గుడారానికి మనిషికి 3,000 వేరే తీసుకొని, ‘రిజర్వుడు’ అని రాసి, ముద్ర కొట్టి రసీదు ఇచ్చారు. లేహ్‌లో టాక్సీ యూనియనువారికి అచ్చువేసిన ధరల పట్టిక ఉంటుంది. ఎక్కడికి ఎంతో అందులో చూసుకొని ఎక్కవచ్చు, బేరమూ లేదు, మోసమూ లేదు. బసల విషయంలో అలాంటి పట్టిక ఆ దుకాణం గోడ మీద కనబడలేదు.

జింగ్‌చెన్ దాకా టాక్సీలో వెళ్లి, అక్కడ నుంచి వాగు వెంబడి నడిచి మధ్యాహ్నానికి రుంబక్ చేరాము. సుమారు 3,900 మీటర్ల ఎత్తున, బార్లీ చేల మధ్య తెల్ల సున్నం కొట్టిన కొద్దిపాటి ఇళ్ల ఊరది. హెమిస్ జాతీయ ఉద్యానం లోపలే ఉన్నది. 1981లో ఏర్పడిన ఆ ఉద్యానం మన దేశంలోని జాతీయ ఉద్యానాలలో విస్తీర్ణంలో అన్నిటికన్నా పెద్దది, మంచు చిరుతలకు పేరుపడినది. మేము ఊళ్లోకి అడుగుపెట్టగానే చేలో ఉన్న ఒకామె చేతి కొడవలి పక్కన పెట్టి, ఈ రోజు వంతు ఫలానా ఇంటిదని చూపించింది. అక్కడ హోమ్‌స్టే పద్ధతే అది. అతిథులు వచ్చినకొద్దీ ఒక ఇంటి తరువాత ఒక ఇంటికి వంతు మారుతుంది, కనుక పెద్ద ఇల్లున్నవారికే డబ్బంతా పోగుపడదు. మంచు చిరుత దొడ్లోకి దూకి ఒకే రాత్రి ఎన్నో గొర్రెలను చంపినప్పుడు, పగబట్టి దానిని మట్టుబెట్టడం పూర్వం జరిగేది. 2000ల మొదటి సంవత్సరాలలో స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ అనే సంస్థవారు ఈ బసల ఆలోచనను ఇక్కడి మహిళలతో కలిసి మొదలుపెట్టాక, దొడ్ల మీద ఇనుప వలలు వచ్చాయి, చిరుత బతికి ఉంటేనే అతిథులు వస్తారన్న లెక్కా కుదిరింది. వంతుల మీద నడిచే ఊళ్లో ఒక ఇంటిని ఎవరో లేహ్‌లో కూర్చొని ‘బుక్’ చేయడమనేది జరిగే పని కాదని మాకు ఆ మొదటి సాయంత్రమే బోధపడింది.

ఆ ఇంటి వంటగది గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. నడుమ నగిషీ చెక్కిన పెద్ద ఇనుప పొయ్యి, గోడ పొడవునా అరల్లో వరసగా తోమిపెట్టిన ఇత్తడి, రాగి పాత్రలు, నేల మీద తివాచీలు, వాటి ముందు పొట్టి చెక్క బల్లలు. ఎండిన పిడకల మంట మీద ఆ ఇల్లాలు గోధుమ పిండిని బొటనవేలితో చిన్న చిన్న చిప్పల్లా నొక్కి, ముల్లంగి, బంగాళాదుంప, బచ్చలి వంటి ఆకుకూర వేసి ఉడికించిన స్క్యూ వడ్డించింది. అన్నం లేదన్న సంగతి తెలిసి బావగారి ముఖం మొదట చిన్నబోయింది కానీ, రెండో గిన్నె ఆయనే అడిగి పెట్టించుకున్నారు. ఉప్పు, వెన్న వేసి చిలికిన టీ అక్కకు నచ్చలేదు. నాకు మాత్రం నడిచి వచ్చిన ఒంటికి అంతకన్నా హాయి మరొకటి లేదనిపించింది. ఉదయం మందపాటి ఖంబీర్ రొట్టెలు, ఇంటి పెరుగు, ఆప్రికాట్ జామ్, దారిలో తినడానికి మూటకట్టిన ఉడికించిన గుడ్లు, మరో రొట్టె ఇచ్చింది. మరుగుదొడ్డిలో నీళ్లుండవు; పై అంతస్తు గదిలో నేలకు రంధ్రం, పక్కనే మట్టి, బూడిద, పార ఉంటాయి. వాసన లేదు, కింద చేరినది ఎరువై చేలకు పోతుంది. నీళ్లు లేవని ముఖం చిట్లించుకొనే యాత్రికులను దారిలో చూశాము. వాన చాలా అరుదుగా పడే చోట మంచినీళ్లు గుమ్మరించే మరుగుదొడ్డి అడగడం తప్పని నా గట్టి అభిప్రాయం.

బయలుదేరేటప్పుడు ఆమె తన రిజిస్టరు తెచ్చి మా పేర్లు రాసుకొని, పక్కన మనిషికి 1,500 అని వేసింది. రాత్రి భోజనం, ఉదయం ఫలహారం, దారి మూట అన్నీ కలిపి అంతే. గైడు ఏజెన్సీ ఇచ్చిన నోట్లు లెక్కపెట్టి ఆమె చేతిలో పెడుతుండగా మేము ముగ్గురమూ చూస్తూ ఉన్నాము. మనిషికి 800, ముగ్గురికి రాత్రికి 2,400 రూపాయలు, పొయ్యి ముందు కూర్చొని వండినామెకు కాక లేహ్‌లో కుర్చీలో కూర్చున్నవాడికి పోతున్నాయి. గైడు లేహ్ కాలేజీలో చదువుకునే పిల్లవాడు, సిగ్గుతో తలెత్తలేదు. ‘ఆ అబ్బాయిని ఏమీ అనకండి, అతని తప్పేముంది’ అని అక్క బావగారిని ఊరుకోబెట్టింది.

ఒకే ఒక్క ఇల్లున్న యురుత్సేలో రాత్రి ఆగి, తెల్లవారుజామున గండ లా కనుమ ఎక్కాము. అది 4,900 మీటర్ల పైమాటే. ఎక్కడం నిదానంగా సాగింది, దిగడం మోకాళ్లకు శిక్ష. స్కియు అనే ఊరి నుంచి మార్ఖా ఊరి దాకా లోయ వెడల్పయి, విల్లో చెట్లు, ముళ్లపొదల నిండా నారింజ రంగు పండ్లు, బఠాణీ చేలు, మంత్రాలు చెక్కిన రాళ్ల మణి గోడలు వరసగా వస్తాయి. చిల్లింగ్ వైపు నుంచి వేసిన జీపు రోడ్డు ఇప్పుడు స్కియు దాటి లోయ లోపలికి వచ్చింది. దుమ్ములో నడవడం నాకు కష్టంగానే తోచింది కానీ, చలికాలంలో కాన్పు కష్టమైన ఆడమనిషిని భుజాల మీద మోసుకుపోవలసిన ఊళ్లవారిని రోడ్డు వద్దనడానికి మనకు ఏ హక్కూ లేదు. రోజులు తక్కువున్నవారు స్కియు దాకా బండిలో వచ్చి నడక మొదలుపెట్టవచ్చు. అయితే రుంబక్ వంటి ఊరు, గండ లా వంటి కనుమ వారికి తప్పిపోతాయి.

మార్ఖా నుంచి హంకర్‌కు వెళ్లే దారిలో నదిని కాళ్లతో దాటవలసి వచ్చింది. హిమానీనదాల మంచు ఎండకు కరిగి మధ్యాహ్నానికి ప్రవాహం పెరుగుతుంది కనుక, పొద్దున్నే బయలుదేరినవారికి మోకాలి లోతు నీళ్లు, ఆలస్యం చేసినవారికి తొడల లోతు నీళ్లు ఎదురవుతాయి. పాత బూట్లతో దాటండి, వట్టి పాదాలతో దాటకండి. కొండ కొమ్మున నిలిచిన తెచా గొంపా (బౌద్ధ మఠం), దాని తరువాత 6,400 మీటర్ల కాంగ్ యాత్సే మంచు శిఖరం కనబడగానే బావగారు మొదటిసారి తన ఫోను నాకిచ్చి ఫొటో తీయమన్నారు.

నిమాలింగ్ 4,700 మీటర్లకు పైన ఉన్న విశాలమైన పచ్చిక మైదానం. లోయ ఊళ్లవారు వేసవిలో గొర్రెలను, మేకలను, జడలబర్రెలను అక్కడికి తోలుకుపోతారు. ఊరంటూ లేదు కాబట్టి గుడారాలే గతి. సాయంత్రం నాలుగింటికి చేరేసరికి అక్కకు తలనొప్పి మొదలైంది. రసీదు చూపిస్తే శిబిరం నడిపే కుర్రవాడు దానిని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ పేరున తమకు ఎవరూ ఏమీ చెప్పలేదని, డబ్బు రాలేదని, ఇలాంటి కాగితాలతో మనుషులు తరచు వస్తూనే ఉంటారని చెప్పాడు. గుడారాలన్నీ విదేశీ బృందాలతో నిండి ఉన్నాయి. ఫోను పలికే చోటు కాదు, అడగడానికి ఏజెన్సీ లేదు. గాలి లేచింది, అక్క ఒక బండ మీద కూర్చొని వాంతి చేసుకున్నది. ఆ కుర్రవాడిది మాత్రం ఏ తప్పూ లేదు. అందరి భోజనాలూ అయ్యాక భోజనాల గుడారంలో మాకు చోటిస్తానన్నాడు, తన మామూలు ధర మనిషికి 1,800 తీసుకున్నాడు, అడగకుండానే మరో రెండు దుప్పట్లు ఇచ్చాడు. కానీ రాత్రి తొమ్మిది దాటేవరకు ఒంట్లో బాగాలేని మనిషి పడుకోవడానికి చోటు లేకుండా పోవడం, అప్పటికే 9,000 రూపాయలు కట్టి ఉండి మళ్లీ 5,400 కట్టడం నేను మరిచిపోలేను.

తలనొప్పి, వాంతులు ఉన్నప్పుడు పైకి వెళ్లరాదన్నది ఎత్తు ప్రదేశాలలో ఎవరూ తప్పరాని నియమం. హైదరాబాదులో డాక్టరు రాసిచ్చిన ఎత్తు జబ్బు మందు ఎసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాముల మాత్రలు పూటకొకటి చొప్పున వాడుతున్నా అక్కకు తెల్లవారుజాముకు కూడా తగ్గలేదు. పైనున్న కాంగ్‌మారు లా కనుమ దాటితే మర్నాటికి లేహ్ చేరిపోతామని బావగారు ఒకసారి అన్నారు. గైడు ఒప్పుకోలేదు, ‘అక్కా, ముందు కిందికే’ అని తనకు వచ్చిన హిందీలో ఖండితంగా చెప్పి, సామాను రెండో గుర్రానికి సర్ది, అక్కను మొదటి గుర్రం మీద కూర్చోబెట్టాడు. చిన్నవాడైనా ఆ మాట మీద నిలబడినందుకు అతనికి మేము జన్మంతా రుణపడి ఉంటాము. సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉన్న హంకర్‌కు దిగేసరికే ఆమె ముఖం తేటపడింది.

హంకర్‌లో ముందు రాత్రి మేము ఉన్న ఇంటి వంతు అయిపోయింది. అయినా ఆ ఇంటి అమా-లే (అమ్మగారు) వాకిట్లో అక్కను చూసి, వంతున్న ఇంటికి కబురు పంపి వారిని ఒప్పించి మమ్మల్ని లోపలికి తీసుకుపోయింది. వెల్లుల్లి దంచి వేసిన పలుచని థుక్పా సూపు పెట్టి, పొయ్యి పక్కనే పరుపు వేసి, గంటగంటకూ వేడినీళ్లు ఇస్తూ సాయంత్రం దాకా కూర్చున్నది. మరుసటి రోజు కూడా అక్కడే ఉండిపోయాము. బావగారు తన సంచిలో భద్రంగా దాచుకున్న కందిపొడి, నెయ్యి బయటికి తీసి, ఆమె మాకోసం వండిన అన్నంలో కలిపి అక్కకు పెట్టారు; ఒక ముద్ద ఆమె చేతిలో కూడా పెడితే, తిని, పప్పు వేయించాలా అని సైగలతో అడిగి నేర్చుకున్నది. లెక్క చూడబోతే రాత్రికి మనిషికి 1,500 మాత్రమే తీసుకొని, పగటి భోజనాలకు రూపాయి ముట్టలేదు. ఈసారి డబ్బు మేమే నేరుగా ఆమె చేతికి ఇచ్చాము.

మళ్లీ నిమాలింగ్‌కు మధ్యాహ్నానికి ముందే చేరి, 1,800 చొప్పున అక్కడే కట్టి, మంచి గుడారం తీసుకున్నాము. మధ్యాహ్నంలోపు చేరండి, చోటు దొరకడానికి ఏ రసీదు కన్నా అదే మేలు. మర్నాడు తెల్లవారుజామున కాంగ్‌మారు లా ఎక్కాము. 5,200 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానికి సగం కన్నా కొంచెమే ఎక్కువ కనుక, పది అడుగులకొకసారి ఆగడంలో చిన్నతనం లేదు. అక్క ఏ ఇబ్బందీ లేకుండా మా ఇద్దరికన్నా ముందే ఎక్కింది. అటువైపు చోగ్దో దాకా ఎర్రని, ఊదా రంగు రాళ్ల ఇరుకు లోయలో వాగును అటూ ఇటూ దాటుతూ దిగాలి. ఆ దిగుడు నాకు ఎక్కడం కన్నా కష్టమైంది. చేతికర్రలు లేనిదే దిగవద్దు. షాంగ్ సుమ్‌దో నుంచి లేహ్‌కు యూనియను పట్టిక ప్రకారం టాక్సీకి 3,400 ఇచ్చాము.

లేహ్‌లో ఏజెన్సీ యజమాని మొదట శిబిరంవాళ్లదే తప్పన్నాడు, తరువాత వచ్చే ఏడాదికి రాయితీ ఇస్తానన్నాడు. మా గైడు తన ఉద్యోగం పోతుందని తెలిసి కూడా మా పక్కన నిలబడి జరిగినది జరిగినట్లు చెప్పాడు. రెండు గంటల వాదన తరువాత 9,000లో 4,000 మాత్రం చేతికి వచ్చింది. హోమ్‌స్టేల మీద మిగుల్చుకున్న 800ల లెక్క వినడానికి కూడా అతను ఒప్పుకోలేదు. ఆ 4,000 గైడుకే ఇచ్చి వచ్చాము.

వెళ్లేవారు జూన్ చివరి నుంచి సెప్టెంబరు చివరి లోపల వెళ్లండి. గైడును, గుర్రాలను లేహ్‌లో మాట్లాడుకోండి, రోజు కూలి కాగితం మీద రాయించుకోండి. బసల సొమ్ము మాత్రం చిన్న నోట్లుగా మీ దగ్గరే ఉంచుకొని ప్రతి ఉదయం ఇల్లాలి చేతికే ఇవ్వండి. మొత్తం యాత్రలో కనీసం ఒక రోజైనా ఖాళీగా వదలండి. ఆ రోజు ఎవరికి అవసరపడుతుందో ముందుగా చెప్పలేము.