డేటాబేస్‌లో రికార్డులు మాయమవుతుంటే: బైనరీ లాగ్, ట్రిగ్గర్, జనరల్ లాగ్‌లలో ఏది మేలు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెలుగు పుస్తకాలు అమ్మే చిన్న వెబ్‌సైట్, వెనుక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. పాఠకులు రాసిన సమీక్షలు ఉన్నట్టుండి కనిపించకుండా పోతున్నాయి. అన్నీ కాదు. ఒకరోజు ఒక ప్రచురణకర్త పుస్తకాలవి, మరో రోజు ఇంకొకరివి. అడ్మిన్ పేజీలో తొలగించే బటన్ ఎవరూ నొక్కలేదంటారు నిర్వాహకులు. ఆ బటన్ వెనుక తప్ప సమీక్షను తొలగించే వాక్యం కోడ్‌లో ఇంకెక్కడా లేదంటారు ప్రోగ్రామర్లు. చిత్రమేమిటంటే ఇద్దరూ చెప్పేది నిజమే.

కారణం వెతకడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. జరిగిపోయిన మార్పులను బైనరీ లాగ్‌లో (డేటాలో మార్పులను సర్వర్ రాసిపెట్టుకునే ఫైళ్లలో) చదవడం, ఇకపై జరిగేవి నమోదయ్యేలా టేబుల్‌కు ట్రిగ్గర్ (రికార్డు మారినప్పుడల్లా దానంతటదే నడిచే చిన్న కోడ్) పెట్టడం, సర్వర్‌కు వచ్చే ప్రతి క్వెరీనీ, అంటే ప్రతి ఆదేశాన్నీ, జనరల్ లాగ్‌లోకి రాయించడం. నా ఓటు మొదట బైనరీ లాగ్‌కే. మిగతా రెండూ పెట్టిన క్షణం నుంచే పనిచేస్తాయి. నిన్న రాత్రి ఏమైందో చెప్పగలిగేది ఇదొక్కటే.

అయితే ఈ మూడింటిలో దేనికైనా చేయి చాచేముందు, డేటా నిజంగా మారిందా, లేక మనకు తప్పుగా కనిపిస్తోందా అన్నది తేల్చుకోవాలి. తెలుగు సైట్లలో ఈ తికమక ఎక్కువ. అక్షరాల బదులు ప్రశ్నార్థకాలో పిచ్చి గుర్తులో కనిపిస్తే ఆ కాలమ్‌ను, బైట్లను ఉన్నవి ఉన్నట్టు రెండేసి గుర్తుల కోడ్‌లుగా చూపే హెక్స్ ఫంక్షన్‌తో చూడండి. అన్ని భాషల లిపులనూ బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. మొదటి రెండూ ఇ0 బి0 గానీ ఇ0 బి1 గానీ అయి ఉంటాయి. అలాగే ఉంటే డేటా క్షేమం, తప్పు కనెక్షన్ సెట్టింగ్‌దో పేజీదో. సి3 ఎ0 సి2 బి0 అని కనిపిస్తే అదే పాఠాన్ని లాటిన్-1 (పశ్చిమ ఐరోపా భాషల పాత ఎన్‌కోడింగ్) అనుకుని రెండోసారి ఎన్‌కోడ్ చేశారన్నమాట; జాగ్రత్తగా వెనక్కి తిప్పవచ్చు. వరసగా 3ఎఫ్‌లే ఉంటే అవి నిజంగానే ప్రశ్నార్థకాలు. ఇక బ్యాకప్పే గతి. ఈ మూడో సందర్భం తప్ప మిగతావాటికి లాగులు తవ్వడం వృథా శ్రమ.

మన ఉదాహరణలో రికార్డులే లేవు కాబట్టి బైనరీ లాగ్‌కు వద్దాం. మైఎస్‌క్యూఎల్ 8.0లో ఎవరూ ఏ సెట్టింగ్ మార్చకపోయినా ఇది ఆన్‌లోనే ఉంటుంది, 30 రోజులు నిలవ ఉంటుంది. అందుకే సమస్య తెలిసిన రోజే ఆ ఫైళ్లను వేరే చోటికి కాపీ చేయాలి. విచారణ సాగుతుండగానే గడువు తీరి చెరిగిపోయే ప్రమాదముంది. మైఎస్‌క్యూఎల్ నుంచి చీలిన మారియాడీబీలో మాత్రం మనం ఆన్ చేస్తేనే ఉంటుంది. లాగ్ రో ఫార్మాట్‌లో, అంటే ఆదేశాన్ని కాక మారిన రికార్డులనే రాసే పద్ధతిలో ఉంటే, మారిన ప్రతి రికార్డుకూ మార్పుకు ముందు ఏముంది, తరువాత ఏముంది అన్న రెండూ దొరుకుతాయి. చదవడం మాత్రం కంటికి పరీక్షే. కాలమ్‌ల పేర్లు ఉండవు, ఒకటి, రెండు అంటూ వరస అంకెలే ఉంటాయి. ఎవరు మార్చారో ఉండదు. కనెక్షన్ సంఖ్యా సమయమూ మాత్రం ఉంటాయి. ఆ సమయం దగ్గర ఒక చిక్కుంది: లాగ్‌ను చదివే పనిముట్టు తాను నడుస్తున్న కంప్యూటర్ టైమ్ జోన్ ప్రకారమే గంటలు చూపిస్తుంది. యూటీసీలో ఉన్న సర్వర్ మీద చదివితే మన రాత్రి 2 గంటల సంఘటన ముందు రోజు 20:30కి కనిపిస్తుంది. తేదీయే మారిపోతుంది కాబట్టి వేరే రోజు లాగ్‌లో గంటల తరబడి వెతికేవాళ్లు తక్కువేమీ కాదు.

ట్రిగ్గర్ ఆకర్షణ వేరు. ఒక్క టేబుల్ మీదే కన్నేస్తుంది, పాత విలువ, సమయం, కనెక్షన్ సంఖ్య, ఖాతా పేరు అన్నీ మనకు కావలసిన రూపంలో వేరే టేబుల్‌లో రాసిపెడుతుంది. ఖాతా పేరు కోసం యూజర్ ఫంక్షన్ వాడాలి. కరెంట్ యూజర్ వాడితే ట్రిగ్గర్ ఎవరి పేరు మీద ఉందో వారి పేరే ప్రతిసారీ వస్తుంది. సైటూ, అడ్మిన్ పేజీ, రాత్రి నిర్ణీత వేళకు వాటంతటవే నడిచే క్రాన్ పనులూ అన్నీ ఒకే ఖాతాతో లాగిన్ అవుతుంటే ఆ పేరూ ఎందుకూ పనికిరాదు. ట్రిగ్గర్ పెట్టేముందు వాటికి వేర్వేరు ఖాతాలు ఇవ్వడం అరగంట పని, ఫలితం చాలా ఎక్కువ.

నాకు ట్రిగ్గర్ మీద భయం మరో చోట. అది రాసే టేబుల్‌లో ఏదో ఒక కాలమ్ సరిపోక ట్రిగ్గర్ విఫలమైతే అసలు పనీ ఆగిపోతుంది. సమీక్షలు ఎందుకు పోతున్నాయో చూద్దామని చేర్పులకూ ట్రిగ్గర్ పెట్టి, కొత్త సమీక్షలే రాకుండా చేసుకోవచ్చు. పైగా ట్రంకేట్‌తో టేబుల్‌ను ఖాళీ చేస్తే డిలీట్ ట్రిగ్గర్ అసలు పలకదు. బైనరీ లాగ్‌లో ఆ ఆదేశం పడుతుంది.

జనరల్ లాగ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సర్వర్‌ను ఆపకుండానే ఆన్ చేయవచ్చు, ఏ ఖాతా ఏమి అడిగిందో మొత్తం పడుతుంది. చదివే క్వెరీలు కూడా పడతాయి కాబట్టి రద్దీ సైట్‌లో డిస్క్ చూస్తూండగానే నిండుతుంది, వినియోగదారుల ఫోన్ నంబర్లు, చిరునామాలు ఉన్నవి ఉన్నట్టు ఫైల్‌లోకి చేరతాయి. రోజంతా వదిలేసేది కాదు. అనుమానం ఫలానా వేళ మీద అని తేలాక ఆ కాసేపు పెట్టి తీసేయాలి.

ఇప్పుడు మన సమీక్షల సంగతి. బైనరీ లాగ్ చూస్తే సమీక్షల టేబుల్ మీద ఒక్క తొలగింపూ లేదు. ట్రిగ్గర్ పెట్టి చూసినా ఒక్క నమోదూ లేదు. రికార్డులు మాత్రం పోతూనే ఉన్నాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, ఈ పని చేస్తున్నది డేటాబేస్ ఇంజనే. సమీక్షల టేబుల్‌కు పుస్తకాల టేబుల్‌తో ఫారిన్ కీ సంబంధం (ప్రతి సమీక్షా ఉన్న పుస్తకానికే చెందాలన్న కట్టు) ఉంది, దానికి ఆన్ డిలీట్ క్యాస్కేడ్ అని పెట్టారు. పుస్తకం పోతే దాని సమీక్షలూ పోతాయి. మైఎస్‌క్యూఎల్ 5.7, 8.0 రెండింటిలోనూ ఈ గొలుసు తొలగింపును ఇన్నోడీబీ (డేటాను దాచే ఆ ఇంజన్) తన లోపలే చేసుకుంటుంది. ట్రిగ్గర్‌ను పిలవదు, బైనరీ లాగ్‌లోనూ రాయదు.

మరి పుస్తకాలు చెక్కుచెదరలేదు కదా? అక్కడే కిటుకు. ప్రచురణకర్త పంపిన ధరల జాబితాను రాత్రి క్రాన్ పని రీప్లేస్ ఇంటూ అనే వాక్యంతో ఎక్కిస్తోంది. పేరు చూసి అది ఉన్న రికార్డును సవరిస్తుందనుకుంటాం. ఇలా ఫారిన్ కీ ఉన్న చోట అది పాత రికార్డును తీసేసి కొత్తది చేరుస్తుంది. తీసేసిన క్షణంలో సమీక్షలు పోతాయి, మరుక్షణం పుస్తకం తిరిగొస్తుంది. పొద్దున చూసేవారికి పుస్తకం ఉంటుంది, సమీక్షలుండవు. ఆ రోజు ఎవరి జాబితా వచ్చిందో వారివే పోవడానికీ ఇదే కారణం.

ఈ కేసులో ట్రిగ్గర్ ఏమీ చెప్పలేదు. బైనరీ లాగ్ మాత్రం సగం చెప్పింది: పుస్తకాల టేబుల్‌లో ఒకే క్షణంలో తొలగింపు, వెంటనే చేర్పు. రికార్డు పోయినా దాని పేరున బైనరీ లాగ్‌లో ఏమీ లేదంటే, ముందుగా తల్లి టేబుల్ (ఫారిన్ కీ చూపే టేబుల్, ఇక్కడ పుస్తకాలది) వైపు చూడాలని నేను అంటాను. మిగిలిన సగం, అంటే ఏ ఖాతా ఏ వాక్యంతో చేసిందన్నది, క్రాన్ నడిచే కొద్ది నిమిషాలూ పెట్టిన జనరల్ లాగ్ చెబుతుంది.

షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వర్‌ను పలువురు పంచుకునే చోట ఉన్నవారికి ఇంత ఎంపిక ఉండదు. బైనరీ లాగ్ ఫైళ్లు చేతికి రావు, ట్రిగ్గర్ పెట్టబోతే అనుమతి లేదని ఎర్రర్ 1419 రావచ్చు. అక్కడ వరస రాత్రుల బ్యాకప్‌లను వేరే డేటాబేస్‌లలోకి ఎక్కించి పోల్చడమే దారి. ఎవరు చేశారో తెలియకపోయినా ఏ రోజున పోయాయో తెలుస్తుంది, దాన్ని క్రాన్ పనుల సమయాలతో సరిచూసుకోవచ్చు.

రీప్లేస్ స్థానంలో ఇన్సర్ట్ రాసి, ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్ చేర్చితే తొలగింపు ఉండదు. క్యాస్కేడ్‌ను రిస్ట్రిక్ట్‌గా (సమీక్షలుంటే పుస్తకాన్ని తొలగించనివ్వని నియమంగా) మార్చడం ఇంకా మంచిది: రేపు మరెవరైనా రీప్లేస్ వాడితే, సమీక్షలున్న పుస్తకం దగ్గర ఎర్రర్ 1451తో పని ఆగిపోతుంది. ఇక పోయిన సమీక్షలను బ్యాకప్ నుంచి తెచ్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. పుస్తకాన్ని ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద ముద్రించే ప్రత్యేక సంఖ్య) ఆధారంగా రీప్లేస్ చేసి, ఐడీ ఆటో ఇంక్రిమెంట్ (డేటాబేసే వరసగా ఇచ్చే సంఖ్య) అయితే, తిరిగొచ్చిన పుస్తకానికి కొత్త ఐడీ పడి ఉంటుంది. పాత ఐడీతో ఎక్కించబోతే ఫారిన్ కీ ఒప్పుకోదు. ఐఎస్‌బీఎన్‌తో జత కలిపి కొత్త ఐడీ కిందకు చేర్చాలి.