ఇగ్నోలో ఎంఏ సోషియాలజీ: రాయగడలో ఉండి చదివితే ఎలా ఉంటుంది

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్ వైపు మన తెలుగు పిల్లలు, ముఖ్యంగా డిగ్రీ ఒడియా మీడియంలో చేసి ఏదో ఒక పనిలో కుదురుకున్నవాళ్లు, దూరవిద్య విశ్వవిద్యాలయం ఇగ్నోలో ఎంఏ సోషియాలజీ (సమాజశాస్త్రం) తీసుకోవచ్చా అని తరచూ అడుగుతున్నారు. తీసుకోండి. పుస్తకాలకు నేనైతే మంచి మార్కులే వేస్తాను, భాష దగ్గర మాత్రం చుక్కలు కనిపిస్తాయి.

ముందు లెక్కలు. ఏ డిగ్రీ చేసినా సీటు ఇస్తారు, ఎంట్రెన్స్ గోల లేదు. మొత్తం 64 క్రెడిట్లు, తక్కువలో తక్కువ రెండేళ్లు, ఎక్కువలో ఎక్కువ నాలుగేళ్లు. అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం, రెండింట్లోనూ విడివిడిగా 40 శాతం రావాలి. ప్రాంతీయ కేంద్రం కోరాపుట్‌లోనే ఉంది కాబట్టి భువనేశ్వర్ దాకా పరుగెత్తే పని లేదు.

నేను చదివిన సిలబస్‌లో మొదటి ఏడాది నాలుగు పేపర్లు: సిద్ధాంతాలు, పరిశోధనా పద్ధతులు, అభివృద్ధి, భారతదేశంలో సమాజశాస్త్రం. సిద్ధాంతాల పేపర్ ఒక పట్టాన కొరుకుడుపడదు. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ శ్రమ విభజన గురించి 1893లో రాసినదాన్ని ఇంగ్లీషులోనో హిందీలోనో చదవాలి, ఎందుకంటే మీడియం ఆ రెండే, తెలుగూ లేదు, ఒడియా కూడా లేదు! ఇంగ్లీషు అంతంతమాత్రం, హిందీ సినిమాల వరకే అనుకునేవాళ్లు ముందు తెలుగు అకాడమీ వాళ్ల డిగ్రీ సమాజశాస్త్రం పుస్తకాలు సంపాదించండి. విజయనగరం వెళ్లినప్పుడు పుస్తకాల షాపుల్లో అడిగి చూడండి. విషయం తెలుగులో ఒకసారి బుర్రకెక్కితే తర్వాత ఇంగ్లీషు పేరా అంత భయపెట్టదు. ఇగ్నో పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్ ఈ-జ్ఞానకోశ్‌లో ఉచితంగానే దొరుకుతాయి, చేరకముందే ఒక యూనిట్ దింపుకుని చదివి చూసుకోండి.

నాకు బాగా నచ్చింది మాత్రం అభివృద్ధి పేపర్. విస్థాపన (జనాన్ని ఊళ్ల నుంచి లేపేయడం), గనులు, ఆదివాసీల భూమి, ఇవన్నీ ఢిల్లీలో చదివేవాడికి పాఠం, మనకు పక్క మండలం సంగతి. నియమగిరి కొండల్లో బాక్సైట్ గనుల విషయం గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పడం, ఆ తర్వాత రాయగడ, కలహండి జిల్లాల్లో సభ పెట్టిన 12 ఊళ్లూ వద్దనడం మనలో చాలామందికి గుర్తే. ఇక బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఎఫ్.జి. బెయిలీ 1957లో కులం గురించి, మార్కెట్ వచ్చి ఊరిని ఎలా కదిలిస్తుందన్న దాని గురించి రాసిన పుస్తకం మన పక్క కొంధమాల్ కొండల్లోని ఒక ఊరి కథే. అది చదివి ఒక బుధవారం మన రాయగడ జిల్లాలోని చటికొన సంతకు వెళ్లండి. కొండ మీద నుంచి పసుపు, అల్లం, అనాసలు మోసుకొచ్చిన డొంగ్రియా ఆదివాసీ ఆడవాళ్లు బుట్ట దించీ దించకముందే వ్యాపారి చెయ్యి బుట్టలో ఉంటుంది, ధర కూడా అతనే చెప్పేస్తాడు. ఆ వ్యాపారుల్లో మన తెలుగువాళ్లూ ఉంటారు, ఆ మాట ఇంట్లో అంటే మా మావయ్య ముఖం మాడ్చుకుంటాడు గానీ, ఈ చదువు నేర్పేది ఇలా చూడడమే కదా.

క్లాసుల కోసమైతే ఇందులో చేరకండి. ఇది మనంతట మనం కూర్చుని చదివే చదువు, పక్కన చెప్పేవాళ్లు ఉంటే తప్ప పుస్తకం తెరవని వాళ్లకు పనికిరాదు.

అసైన్‌మెంట్లు చేత్తో మీరే రాసుకోండి. మా బస్టాండ్ వైపు ఒక జిరాక్స్ షాపులో రెడీమేడ్ అసైన్‌మెంట్లు దారం కట్టి కట్టలుగా అమ్ముతారు, నాకూ ఒకటి అంటగట్టబోయాడు, విప్పి చూస్తే అన్నీ అంతకుముందు ఏడాది ప్రశ్నలు! "సార్లు చూడరులే మేడమ్" అన్నాడు తాపీగా. అయినా పరిశోధనా పద్ధతుల పేపర్‌లో అడిగే ఇంటర్వ్యూ, సర్వే లాంటివి నాలుగు ఇళ్లు తిరిగి మనమే చేసి రాస్తే పరీక్షలో పెన్ను దానంతటదే నడుస్తుంది.

డిగ్రీ చెల్లుతుందా అనే టెన్షన్ అక్కర్లేదు. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్‌తో సమానమని యూనివర్సిటీలను చూసే యూజీసీ 2022లో మళ్లీ స్పష్టం చేసింది, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ కూడా రాయొచ్చు, జనరల్ వాళ్లకు 55 శాతం ఉండాలి. ఈ డిగ్రీ చూపించగానే ఉద్యోగం వస్తుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. చేరేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: రెండో ఏడాదికి మళ్లీ రీ-రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, పరీక్ష ఫారం వేరే, దాని ఫీజు వేరే, వాటంతట అవే అయిపోవు.