విండోస్ నుంచి లినక్స్ మింట్‌కు: తెలుగు డీటీపీ పనిలో వాడి చూశాక

హైదరాబాద్ విద్యానగర్‌లో ఇంటి నుంచే తెలుగు పుస్తకాలు కంపోజ్ చేస్తాను, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చి పేజీలు కట్టే డీటీపీ పని. కథలు, కవిత్వం, అప్పుడప్పుడు పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు. విండోస్ 10తో నడిచిన నా లాప్‌టాప్‌లో ఇప్పుడు దాని బదులు లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ఏడాది దాటింది. డిసెంబరు పుస్తక ప్రదర్శనకు ముందుండే ఒత్తిడిని కూడా దీంతోనే దాటాను. ఈ రంగంలోని వాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "తెలుగు పని దాంట్లో అవుతుందా అక్కా?" ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ఉన్న పని హాయిగా అవుతుంది. అడ్డం పడేవి పాత ఫాంట్లలో చేసిన ఫైళ్లు. అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు యంత్రం సంగతి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరమో ఆపైదో కావాలి. నాది ఆరో తరం ఐ5. కీబోర్డు, స్క్రీను చక్కగా ఉన్న లాప్‌టాప్‌ను పక్కన పడేయడానికి మనసొప్పలేదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీలో ఎస్ఎస్‌డీ (వేగంగా నడిచే డిస్కు) వేయించి, ర్యామ్ పెంచి, మింట్ ఎక్కించాను. మింట్ 22కి ఆధారం ఉబుంటు 24.04 అనే మరో లినక్స్. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. వేగం బాగుంది, బ్రౌజరూ వీడియోలూ మామూలే. వాటి దగ్గర ఆగక్కర్లేదు.

నేను భయపడింది టైపింగ్ గురించి. డీటీపీలో ఏళ్ల తరబడి ఆపిల్ అనే కీబోర్డు లేఅవుట్‌కు (ఏ మీటకు ఏ అక్షరమన్న అమరికకు) అలవాటుపడ్డ వేళ్లు ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే లేఅవుట్‌కు అంత తేలిగ్గా మారవు. లినక్స్‌లో టైపింగ్ భాషలు మార్చే ఐబస్‌తో పాటు, లేఅవుట్లను అందించే ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్, ఆపిల్ లేఅవుట్‌లు అన్నీ ఉన్నాయి. ఆ జాబితాలో ఆపిల్ పేరు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఆపరేటర్లకే అర్థమవుతుంది. ఎవరో మన అక్షరాల కోసం కూర్చుని, ఒక్కో మీటనూ సరిచూసి, డబ్బు అడగకుండా ఇచ్చారు.

రాయడానికి వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ రైటర్ వాడుతున్నాను. ఒత్తులు, గుణింతాలు ఎక్కడా చెదరవు, అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ తన పని బాగా చేస్తుంది. కొత్తగా వచ్చేవాళ్లకు ఒక్క మాట: దీంట్లో ఇంగ్లీషుకు ఒక ఫాంటు, తెలుగుకు వేరే ఫాంటు, వేరే సైజు ఉంటాయి. భాషల అమరికల్లో 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' ఆన్ చేసి, పేరా స్టైల్‌లో తెలుగు సైజు విడిగా పెట్టాలి. ఇది తెలియకపోతే అంకెలు పెద్దవిగా, అక్షరాలు చిన్నవిగా వచ్చి చికాకు పెడతాయి. ఫాంట్లకు కొదవలేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, సూరన్న, పెద్దన, రామరాజ అన్నీ స్వేచ్ఛా లైసెన్సులో ఉన్నాయి. శీర్షికలకు నాకు సురవరం ఇష్టం. హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టిన ఫాంటుతో ఇక్కడి రచయితల పుస్తకాలకు పేర్లు వేయడం బాగుంటుంది.

ఇక అసలు కష్టం. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, మన డీటీపీ మాత్రం చాలాకాలం వేరే దారిలో నడిచింది. పాత ఫాంట్లలో 'క' అనేది నిజానికి కంప్యూటర్‌కు ఏదో ఒక ఇంగ్లీషు అక్షరమో గుర్తో. తలకట్టు, కొమ్ము, ఒత్తు విడివిడి ముక్కలు. వాటిని కంటికి తెలుగులా పేర్చారు, అంతే. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తుల వరస కనిపిస్తుంది. పైగా ఒక్కో సంస్థ ఫాంట్లది ఒక్కో అమరిక. విండోస్‌లోనే ఉండిపోయినా ఈ బాధ తప్పదు. కొత్త విండోస్ వచ్చిన ప్రతిసారీ పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ నడుస్తుందో లేదోనన్న బెంగ అందుకే. మనల్ని కట్టిపడేసింది ఆ ఫాంట్ల అమరికే, విండోస్ మీద కోపం పెట్టుకోవడం న్యాయం కాదు.

కాబట్టి పాత పుస్తకాలను కన్వర్టర్లతో యూనికోడ్‌లోకి మార్చుకుంటూ వస్తున్నాను. మార్చాక ప్రూఫు చూసి తీరాలి. తెలుగు వాక్యం మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు కూడా తెలుగు ముక్కలైపోతాయి, రెండు ఒత్తులున్న చోట ఒకటి జారిపోతుంది, కొటేషన్ గుర్తులు మాయమవుతాయి. ఒక నవల సరిచూడటానికి దాదాపు కొత్తగా ప్రూఫు దిద్దినంత పని. అయినా ఆ శ్రమకు ఫలితం ఉంది. మార్చిన పుస్తకాలన్నిటిలో ఒక ఊరి పేరో, మనిషి పేరో ఎక్కడెక్కడ వచ్చిందో టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే తెరలో) ఒకే ఆదేశంతో వెతికి పట్టుకుంటున్నాను. పదసూచిక కోసం కాగితాల మీద గీతలు గీసిన రోజులు తలచుకుంటే ఇది ఎంత మేలో!

పేజీలు కట్టడానికి స్క్రైబస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. 2024 మొదట్లో వచ్చిన 1.6 స్థిరమైన వెర్షన్‌లో తెలుగు సరిగ్గా కూర్చుంటుంది. డెమ్మీ 1/8 సైజులో కవితా సంపుటులు ఇందులో బాగా వచ్చాయి. పెద్ద సిద్ధాంత గ్రంథాలకు, అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) ఎక్కువున్న వాటికి రైటర్ నుంచే పీడీఎఫ్ తీస్తాను. చిక్కడపల్లిలో నేను పనిచ్చే ప్రెస్సు అబ్బాయి, "ఫాంట్లు లోపలే ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఇస్తే చాలక్కా, మీరు ఎందులో చేస్తే మాకేం" అన్నాడు. కానీ అడోబీ వాళ్ల పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ ఫైలే కావాలనే ప్రచురణకర్తలు ఉన్నారు. అది లినక్స్‌లో నడవదు. అలాంటి పని వస్తే పక్కింటి ఆపరేటర్‌కు ఇచ్చేస్తున్నాను. నెలంతా అదే పని ఉండేవాళ్లు మారకపోవడమే మంచిది.

పాత లేజర్ ప్రింటర్ బాగా విసిగించింది. దాని డ్రైవర్ కుదరక, చివరికి లినక్స్‌లో నేరుగా పనిచేసే వేరే మోడల్ కొన్నాను. డిజిటల్ సంతకం టోకెన్‌తో చేసే పనులు ఆడిటర్ దగ్గరే చేయించుకుంటున్నాను.

మీరూ మారాలనుకుంటే, డిస్కు చెరపకముందు మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి వైఫై, సౌండు, ప్రింటరు చూసుకోండి. పాత ఫాంటు ఫైళ్లను పేజ్‌మేకర్ డాక్యుమెంట్లతో పాటే వేరే డ్రైవ్‌లో భద్రపరచండి. ఏ పుస్తకం ఏ ఫాంట్లో చేశారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. సరైన కన్వర్టర్‌ను ఎంచుకోవాలంటే ముందు కావలసింది ఆ ఫాంటు పేరే.