మిస్టిక్ ఓడలు చూడండి, ప్యాకేజీ మాత్రం కొనకండి

అమెరికాలోని కనెక్టికట్‌లో అబ్బాయి దగ్గరికి వెళ్తున్నామని తెలిసి, అమీర్‌పేటలో ఒక ట్రావెల్ ఏజెంటు మనిషికి 9,500 రూపాయలు కట్టించుకున్నాడు. మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియం, ఆవిరి పడవలో షికారు, మధ్యాహ్న భోజనం, అన్నీ అందులోనే అన్నాడు. తీరా అక్కడ కాగితం చూపిస్తే అది ఉత్త ప్రవేశ టికెట్టేనట! సబీనో అనే ఆ 1908 నాటి ఆవిరి పడవకు విడిగా కట్టాలి. భోజనం మాటెత్తితే కౌంటరులో అమ్మాయి జాలిగా నవ్వింది. హైదరాబాద్‌కు ఫోను చేశాను. "అన్నీ అంటే ఎంట్రీ వరకు అన్నీ, సార్" అన్నాడు మహానుభావుడు.

మా ఆవిడ ముఖం ముడుచుకుంది. శాకాహారి కావడంతో ఆమెకు దొరికింది బంగాళాదుంప వేపుడే. ముగ్గురి భోజనానికి 41 డాలర్లు వదిలాయి.

ఆమెను మళ్లీ మాట్లాడించింది చార్లెస్ డబ్ల్యూ. మోర్గన్ ఓడ. 1841లో కట్టారు. తిమింగలాలను వేటాడిన చెక్క ఓడల్లో ప్రపంచం మొత్తం మీద మిగిలింది ఇదొక్కటే. 80 ఏళ్లలో 37 సార్లు వేటకు వెళ్లింది. డెక్కు మీదే ఇటుకల పొయ్యి, అందులో పెద్ద ఇనుప గుండిగలు. తిమింగలం కొవ్వును అక్కడే కాచి, నూనెను పీపాలకెత్తేవారు. చెక్క ఓడ మీద నిప్పు కదా, అందుకే పొయ్యి కింద నీళ్లు నిలిపేవారు. "పెళ్లివారి పులుసు గుండిగలా ఉంది" అంది మా ఆవిడ. కింద నావికుల పడకల దగ్గర నేను మెడ వంచి తిరగాల్సి వచ్చింది. వాళ్లు ఏళ్ల తరబడి అందులోనే ఉండేవారు.

మ్యూజియంలో నిలబెట్టిన పాతకాలపు రేవు ఊరు కూడా బాగుంది. మన మాదాపూర్ శిల్పారామంలో పల్లె నాకిష్టమే, కానీ అక్కడ కుమ్మరి, సాలె అంతా బొమ్మలే. ఇక్కడ కమ్మరి మన ఎదుటే ఇనుము కాల్చి కొడతాడు, అడిగితే ఆపి జవాబు చెబుతాడు. ఇళ్లలో చాలావరకు అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్ ఊళ్ల నుంచి తెచ్చి నిలబెట్టిన అసలువే. తాళ్లు పేనే పొడవాటి శాలను మాసచూసెట్స్‌లోని ప్లిమత్ నుంచి తెచ్చారు, అది 1824 నాటిది. దాన్ని వదలకండి.

వెళ్లేవాళ్లు టికెట్టు మ్యూజియం దగ్గరే కొనుక్కోండి. 65 దాటితే రాయితీ ఉంది, వయసు దాచుకోకండి. సబీనో చలికాలంలో తిరగదు. పూట సరిపోదు, రోజంతా పెట్టుకోండి. మాకు పడవ టికెట్లు అబ్బాయే కొన్నాడు. ఏజెంటు తిరిగివ్వాల్సిన 4,000 రూపాయలు వచ్చే ట్రిప్పులో సర్దుతాడట.