వితంతు పింఛనా, దివ్యాంగుల పింఛనా?

భర్తను కోల్పోయిన దివ్యాంగురాలు తిరుపతి జిల్లాలో ఏ గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్ళినా ముందుగా తేల్చుకోవలసింది ఇదే, ఎందుకంటే ఒకే మనిషికి ఈ రెండు పింఛన్లూ ఇవ్వరు.

డబ్బు: రాష్ట్ర ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద పెంచిన మొత్తం 2024 జూలైలో అమలయ్యాక వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000.

శ్రమ: వితంతు పింఛనుకు భర్త మరణ ధ్రువపత్రం ముఖ్యం. అందులో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉండడం వల్ల, ప్లాస్టిక్ కవరులో నలగకుండా దాచుకున్న ఆ కాగితం పట్టుకుని మా పొరుగావిడ నాలుగుసార్లు తిరిగింది. పేర్లు ముందే సరిచూసుకోవాలి. దివ్యాంగుల పింఛనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ప్రభుత్వ వైద్యులిచ్చే సదరం ధ్రువపత్రం కావాలి. అందుకు స్లాట్ తీసుకుని ప్రభుత్వాసుపత్రిలో వైద్యుల ఎదుట హాజరు కావాలి. నడవలేని మనిషికి ఆ ప్రయాణమే భారం, తోడు లేనిదే పంపకూడదు.

నష్టభయం: 2025లో సదరం పత్రాలను మళ్ళీ పరిశీలించి, 40 శాతానికి తక్కువగా తేలినవారికి నోటీసులిచ్చారు. మరణ ధ్రువపత్రానికి ఆ బెడద లేదు.

వైకల్యం శాశ్వతమై, 40 శాతానికి బాగా పైనుంటే దివ్యాంగుల పింఛనే కోరాలి. శాతం అంచున ఉన్నా, పత్రం తాత్కాలికమైనా, రెండు వేలు తగ్గినప్పటికీ వితంతు పింఛనే నిలకడైనదని నా అభిప్రాయం.